డెఫ్‌కాన్ ఆట ఇప్పుడు కొనొచ్చా? ఆడినవాళ్లు చెప్పండి

పులిజూదం | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో సేల్ నడుస్తోంది, ‘డెఫ్‌కాన్’ చాలా తక్కువకే వస్తోంది. 2006 నాటి ఆట, ఇంట్రోవర్షన్ అనే చిన్న బ్రిటిష్ సంస్థ చేసింది. వీడియోలు చూశాను. నల్లటి తెర మీద నీలం గీతల ప్రపంచ పటం, దాని మీద చిన్న చిన్న బొమ్మలు పాకడం తప్ప ఏమీ కనిపించలేదు. నాకు స్ట్రాటజీ ఆటలంటే ఇష్టమే. కానీ నేను ఆడినవన్నీ ఊరు కట్టుకుని, బంగారం తవ్వుకుని, సైన్యం పెంచుకునే రకం. ఇందులో అవేవీ లేవట. మరి ఏం చేస్తాం? ఒక గంట ఆడి పక్కన పడేసే సరుకా, రుచి మరిగితే వదలనిదా? నా ల్యాప్‌టాప్ పాతది, అదొక భయం.

సైలో_సుబ్బారావు | శుక్రవారం, రాత్రి 9:31

ల్యాప్‌టాప్ గురించి బెంగ వద్దండీ. 2006లో ఉన్న కంప్యూటర్ల మీద ఆడిన ఆట ఇది, మీది దానికంటే పాతది కాదుగా.

ఏం చేస్తామంటే, ఆరుగురం కూర్చుని ప్రపంచాన్ని తగలబెడతాం. ఎవరిల్లు తక్కువ కాలితే వాడు గెలిచినట్టు.

ఆరు ముక్కలు: ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, యూరప్, రష్యా, ఆసియా, ఆఫ్రికా. మన దేశం ఆసియాలో వస్తుంది. ఏ ముక్క తీసుకున్నా జనాభా పది కోట్లే, సామాను కూడా సమానమే. 6 సైలోలు (నేల మీద నుంచి క్షిపణులు వదిలే స్థావరాలు), 4 ఎయిర్‌బేస్‌లు, 7 రాడార్లు, యుద్ధనౌకలు, విమాన వాహక నౌకలు, సబ్‌మెరైన్లు తలా 12. అంతే, తర్వాత ఒక్క నౌక కూడా కొత్తగా రాదు. మొదట్లో ఎక్కడ పెట్టారో అదే మీ తలరాత.

డెఫ్‌కాన్ అనే హెచ్చరిక మెట్టు 5 నుంచి 1 దాకా దిగుతుంది. 5, 4 నడిచేటప్పుడు సామాను సర్దుకుంటాం. 3 రాగానే సర్దుకోవడం బంద్, సముద్రం మీదా ఆకాశంలోనూ కొట్లాట మొదలు. 1 వచ్చాక అణ్వస్త్రాల తాళం తీస్తారు. ఆట గడియారంలో అరగంటకు ఆ ఘడియ వస్తుంది. తెర మీద ఆ గడియారం అలా తిరుగుతూ ఉంటే అరచేతులు చెమట పడతాయి, అబద్ధం కాదు.

కొనండి. ఆలోచించకండి.

మొలకెత్తిన_మెదడు | శుక్రవారం, రాత్రి 9:40

చిన్న డౌట్ అన్నా. 5 పెద్దది కదా, 5 అంటేనే ఎక్కువ ప్రమాదం అవ్వాలి? 1కి దిగితే శాంతి అనుకున్నా నేను ఇన్నాళ్లూ.

పాత_రాడార్ | శుక్రవారం, రాత్రి 10:05

చాలామంది అలాగే పొరబడతారు బాబూ. అది అమెరికా సైన్యం వాడే సన్నద్ధత కొలమానం. 5 అంటే మామూలు రోజులు, 1 అంటే యుద్ధం నెత్తి మీదకు వచ్చేసిందని. 1962 క్యూబా క్షిపణుల గొడవలో అక్టోబర్ 24న వాళ్ల వ్యూహాత్మక వైమానిక దళం 2 దాకా వెళ్లింది. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధమప్పుడు 3 దాకా వెళ్లారు. అసలు జీవితంలో 1 దాకా ఎప్పుడూ దిగలేదు. ఈ ఆటలో మాత్రం తప్పకుండా దిగుతుంది. దిగకుండా ఆపే మీట ఎక్కడా లేదు. నాకు ఇందులో నచ్చనిదీ, నచ్చినదీ అదే.

ఎర్ర_బటన్ | శుక్రవారం, రాత్రి 10:22

నేను కాస్త నీళ్లు చల్లుతాను, ఏమనుకోకండి.

డెఫ్‌కాన్ గొప్ప ఆటే. ఇరవై ఏళ్ల కింద. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. అందులో అణ్వస్త్రాలు లేని మామూలు యుద్ధం అన్నది పేరుకే. భూసేన లేదు. ఒక్క ట్యాంకు లేదు. ఎదుటివాడి నేల అంగుళం కూడా పట్టుకోలేం. నౌకలు నాలుగు కొట్టుకుంటాయి, ఫైటర్లు పెట్రోలు అయిపోయి సముద్రంలో పడతాయి, అంతలో బాంబులు. పెళ్లికి వెళ్తే నేరుగా అప్పగింతలు పెట్టినట్టుంటుంది.

దాని బదులు ‘ఐసీబీఎం’ చూడండి. సాఫ్ట్‌వార్‌వేర్ చేసింది, స్లిథరిన్ విడుదల చేసింది, 2020లో వచ్చింది. డెఫ్‌కాన్ చూసి పెరిగిన ఆట అని ఎవరికైనా తెలిసిపోతుంది, అదే నల్ల తెర, అదే గీతలు. కానీ పరిశోధన ఉంది. క్షిపణులకు ఖర్చు పెట్టాలా, వాటిని అడ్డుకునేవాటికా, సబ్‌మెరైన్లకా అని ముందు నుంచీ తేల్చుకోవాలి. 2024లో దాని రెండో భాగం ‘ఎస్కలేషన్’ వచ్చింది. అందులో భూసేనలు, నేల పట్టుకోవడం అన్నీ కలిపారు. అణ్వస్త్రం వాడకుండా కూడా చాలాసేపు యుద్ధం చేయొచ్చు. వాడాలా వద్దా అన్న ప్రశ్నకు అక్కడే అర్థం ఉంది. డెఫ్‌కాన్‌లో ఆ ప్రశ్నే లేదు, ఎప్పుడు వాడాలన్నదొక్కటే.

సైలో_సుబ్బారావు | శుక్రవారం, రాత్రి 10:30

వచ్చాడండీ మా ట్యాంకుల తమ్ముడు. ఎవరు డెఫ్‌కాన్ అన్నా ఈయనకు కలలోంచి మెలకువ వస్తుంది.

రెండూ ఆడాను తమ్ముడూ. ఎస్కలేషన్‌లో నేను గెలిచిన ఆట ఒక్కటీ గుర్తులేదు, ఓడింది కూడా గుర్తులేదు. పరిశోధన చెట్టు చూసుకోవాలి, సైన్యం నడపాలి, విమానాలు పంపాలి, ఆ పని మధ్యలో ఎక్కడో అణుబాంబు పడుతుంది, అది కూడా ఇంకో పని అయిపోతుంది. పులిహోరలో పెరుగు కలుపుకున్నట్టు. డెఫ్‌కాన్‌లో 2010లో కోల్పోయిన లండన్ ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఎర్ర_బటన్ | శుక్రవారం, రాత్రి 10:34

పెరుగు కలిపిన పులిహోర మా నాయనమ్మ చేసేది, బాగుండేది.

బీచ్‌రోడ్డు | శుక్రవారం, రాత్రి 11:18

ఇద్దరూ ఆగండి. భూసేన లేదన్నది నిజమే. కానీ మామూలు యుద్ధం పేరుకే అంటే ఒప్పుకోను. డెఫ్‌కాన్‌లో ఆట తేలేది సముద్రం మీదే. అణ్వస్త్రాలు పడే వేళకు సగం లెక్క తేలిపోయి ఉంటుంది.

ఎలాగంటే, సబ్‌మెరైన్‌లో అయిదు క్షిపణులుంటాయి కానీ దూరం పోవు. తీరం దగ్గరకు చేరాలి. చేరాలంటే దారిలో ఉన్న విమాన వాహక నౌకలను తప్పించుకోవాలి, అవి నీళ్ల కింద వెతికి డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్లలో పేలే బాంబులు వేస్తాయి. ఆ నౌకలను యుద్ధనౌకలు ముంచాలి. అంటే 3వ డెఫ్‌కాన్‌లో అట్లాంటిక్‌లోనో హిందూ మహాసముద్రంలోనో మీ యుద్ధనౌకలు ఓడిపోతే, అరగంట తర్వాత మీ సబ్‌మెరైన్లు అమెరికా ఒడ్డుకు చేరవు. అప్పుడు పడని బాంబు ఇప్పుడు ఓడిన నౌకాపోరాటం వల్లే. కొత్తవాళ్లు నౌకలను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చల్లేసి, తర్వాత సైలోల వైపే కళ్లప్పగించి చూస్తారు. ఆరేసి నౌకలను ఒక దళంగా కట్టొచ్చు, కలగలిపి కట్టండి.

మాది వైజాగ్. చిన్నప్పటి నుంచి బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూస్తూ పెరిగాం. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న సోవియట్ తయారీ. లోపలికి వెళ్తే ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి వంగి, కాలు ఎత్తి దూరాలి. మా చెల్లి ప్రతిసారీ తల కొట్టుకునేది. పడుకునే అరలు టార్పెడోల పక్కనే. ఆ ఇరుకు తెలుసు కాబట్టేమో, ఆటలో సబ్‌మెరైన్ బొమ్మ పైకి తేలి క్షిపణులు వదలడం మొదలుపెట్టగానే నా ప్రాణం లాగుతుంది. వదులుతున్నంతసేపూ అందరికీ కనిపిస్తుంది. అయిదూ వదిలేలోపు ఎవడో ఒకడు వచ్చి ముంచేస్తాడు.

మొలకెత్తిన_మెదడు | శుక్రవారం, రాత్రి 11:25

వైజాగ్‌లోనే కదా అణు సబ్‌మెరైన్ కట్టింది?

బీచ్‌రోడ్డు | శుక్రవారం, రాత్రి 11:41

అవును, అరిహంత్. 2009 జులై 26న నీళ్లలోకి దించారు. మన విధానం ముందుగా అణ్వస్త్రం వాడం అని, 2003 జనవరిలో అధికారికంగా చెప్పారు. ముందు వాడను అన్నవాడికి దెబ్బ తిన్నాక కూడా మిగిలే ఆయుధం కావాలి. నేల మీద ఉన్నది ఎక్కడుందో ఎదుటివాడికి తెలిసే వీలుంది, నీళ్ల కింద ఉన్నది తెలియదు. డెఫ్‌కాన్ పది ఆటలు ఆడితే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. చివరి దాకా దాచుకున్న రెండు సబ్‌మెరైన్లతో ఆట గెలిచిన రోజులున్నాయి నాకు.

పులిజూదం | శనివారం, ఉదయం 6:50

కొనేశాను. రాత్రి రెండింటి దాకా ఆడాను, కంప్యూటర్‌తోనే. చిత్తుగా ఓడిపోయాను.

ఉత్తర అమెరికా తీసుకున్నా. 1 రాగానే ఆరు సైలోలూ ఒకేసారి రష్యా మీదకు వదిలాను. పైకి వంగిన గీతలు గీసుకుంటూ పోతుంటే ఎంత అందంగా ఉన్నాయో. సగం దారిలో ఉండగా నా వైపు గీతలు వస్తున్నాయని చూశాను. నావి చాలావరకు మధ్యలోనే పేలిపోయాయి. వాళ్లవి ఒక్కటీ ఆగలేదు. నా సైలోలు ఎందుకు అడ్డుకోలేదు? తెల్లటి వెలుగు వచ్చి, ఊరి పేరు పక్కన ఇన్ని లక్షల మంది చనిపోయారని ఒక వాక్యం. అంతే. శబ్దం కూడా పెద్దగా లేదు. ఆ నిశ్శబ్దమే పడలేదు నాకు.

సైలో_సుబ్బారావు | శనివారం, ఉదయం 8:15

ఈ బడిలో అందరం ఈ పాఠంతోనే చేరాం, బాధపడకండి.

సైలోకు రెండు పనులు. ఒకటి వచ్చే క్షిపణులను, విమానాలను కూల్చడం, రెండోది తన పది క్షిపణులు వదలడం. రెండూ ఒకేసారి చేయదు. ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి టైమ్ పడుతుంది. మీరు ఆరింటినీ వదిలే పనిలో పెట్టారు, అంటే ఇంటి తలుపులన్నీ తీసి దొంగతనానికి వెళ్లారు. పైగా సైలో వదలడం మొదలుపెట్టగానే అది ఎక్కడుందో అందరి తెరల మీదా కనిపిస్తుంది, రాడార్ అక్కర్లేదు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు వదలరు. డెఫ్‌కాన్ 1 వచ్చాక కూడా అయిదు నిమిషాలు, పది నిమిషాలు ఎవరూ కదలరు. ఆరుగురు మనుషులు, ఆరు దేశాలు, ఎవరో ఒకరు ఓపిక పోగొట్టుకునే దాకా చూస్తూ కూర్చుంటారు. ఆట మొత్తంలో నాకు ఇష్టమైన సమయం అదే. చాట్‌లో ఎవరో ‘అన్నం తిన్నారా’ అంటాడు. ‘తిన్నాం’ అంటారు. మళ్లీ నిశ్శబ్దం.

ఇంకోటి. వదిలినప్పుడు అన్నీ ఒకేసారి చేరాలి. సైలో ఒకదాని తర్వాత ఒకటిగా వదులుతుంది కాబట్టి ఒక్కొక్కటీ వెళ్తే ఒక్కొక్కటీ కూలుతుంది. దూరంగా ఉన్న సైలోను ముందు మొదలుపెట్టండి, దగ్గరున్నది తర్వాత. నేను పక్కన చిత్తు కాగితం మీద వరుస రాసుకుంటా. మా ఆవిడ దాన్ని పచారీ లిస్టు అనుకుని సంచిలో వేసుకెళ్లింది ఒకసారి. కొట్టు దగ్గర నుంచి ఫోన్ చేసి, ‘సైబీరియా 2, ఉరల్ 3 అంటే ఏ సరుకండీ’ అని అడిగింది.

ఎర్ర_బటన్ | శనివారం, ఉదయం 8:40

హహ. ఇది చదివాక ట్యాంకులు పక్కన పెట్టి ఇవాళ నేనూ వస్తా.

పులిజూదం గారూ, పాయింట్ల లెక్క కూడా చూసుకోండి. మామూలు పద్ధతిలో పది లక్షల మందిని చంపితే రెండు పాయింట్లు వస్తాయి, మన వైపు పది లక్షల మంది పోతే ఒకటి తగ్గుతుంది. అంటే కాపాడుకోవడం కంటే చంపడం లాభం. ఆటను తయారు చేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. కాదు, బతికించుకుందాం అనుకుంటే వేరే పద్ధతి ఉంది, అందులో మిగిలిన జనాభాయే పాయింట్లు. ఒకే ఊరి మీద వరసగా వేయకండి. మొదటిది సుమారు సగం మందిని తీసుకుంటుంది, రెండోది మిగిలినవాళ్లలో సగం. పెద్ద ఊళ్లకు ఒక్కొక్కటి వేసుకుంటూ వెళ్లి తర్వాత వెనక్కి రండి.

(రాసి పైకి కిందికి చదువుకుంటే భయమేస్తోంది. శనివారం పొద్దున్నే ఏం రాశాను నేను.)

గోరింటాకు | శనివారం, మధ్యాహ్నం 12:10

చాన్నాళ్లుగా చదువుతున్నా, రాయడం మొదటిసారి. ఎర్ర బటన్ గారి ఆఖరి వాక్యం చూసి రాయాలనిపించింది.

నేను ఈ ఆట బాగా ఆడేదాన్ని. హాస్టల్‌లో నేర్చుకున్నా. ఇంటికి వచ్చాక ఒక రాత్రి హెడ్‌ఫోన్ వైరు ఊడిందని చూసుకోలేదు, సౌండ్ స్పీకర్‌లోంచి వస్తోంది. ఆడినవాళ్లకు తెలుసు, ఆ సంగీతం నెమ్మదిగా ఉంటుంది, దాని వెనకాల ఎక్కడో దూరంగా దగ్గు వినిపిస్తుంది, ఒక ఆడమనిషి ఏడుపు. మనం తెర మీద లెక్కల్లో ఉంటాం, పట్టించుకోం. అమ్మ గదిలోంచి లేచి వచ్చింది. ‘ఎవరే ఏడుస్తోంది?’ అంది. ‘ఎవరూ లేదమ్మా, ఆట’ అన్నాను. నా వెనక నిలబడి కాసేపు చూసింది. ‘ఆ నంబర్లేంటి?’ అంది. చెప్పాను. ఏమీ అనలేదు, లైటు వేసి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి చంపితే పాయింట్లు వచ్చే పద్ధతి ఆడటం మానేశాను. నేను డిప్లొమసీ అనే పద్ధతి ఆడతాను. అందరూ ఒకే కూటమిలో మొదలవుతారు, బతికిన జనానికే పాయింట్లు. ఎవరూ ఏమీ చేయకపోతే అందరూ బతుకుతారు. కానీ అందరికీ సమానంగా ఉంటే ఎవరూ గెలవరు కదా. ఎవరో ఒకరు ‘ఒక్క చిన్న ఊరు’ అని మొదలుపెడతారు. నేను ఆడిన వాటిలో ఒక్క ఆట కూడా ఆ ఒక్క ఊరితో ఆగలేదు.

పాత_రాడార్ | శనివారం, మధ్యాహ్నం 1:55

అమ్మాయి చక్కగా రాసింది.

నేను ఉద్యోగంలో ఉండగా చాలా ఏళ్లు రాడార్ తెర ముందు కూర్చున్నవాణ్ణి. వివరాలు వద్దులెండి. ఈ ఆటలో నాకు ఒక లోటు కనిపిస్తుంది, ట్యాంకులు కాదు. ఇందులో తెర అబద్ధం చెప్పదు. చుక్క కనిపించిందంటే అక్కడ నౌక ఉన్నట్టే. క్షిపణి వచ్చిందని సైరన్ మోగితే వచ్చినట్టే. నిజం తెర అలా ఉండదు. మేఘం, పక్షుల గుంపు, వాన, పాడైన తీగ, అన్నీ చుక్కలే.

1983 సెప్టెంబర్ 26 అర్ధరాత్రి దాటాక, మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే కేంద్రంలో స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక క్షిపణి లేచిందని ఉపగ్రహం చెప్పింది. కాసేపటికి ఇంకో నాలుగు. ఆయన పైవాళ్లకు దాన్ని తప్పుడు హెచ్చరిక అనే చెప్పాడు. నిజంగా మొదలుపెట్టేవాడు అయిదుతో మొదలుపెట్టడు అన్నది ఆయన లెక్క. తర్వాత తేలిందేమిటంటే, ఎత్తు మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది. 1979 నవంబర్ 9న అమెరికా వాళ్లకూ ఇలాగే అయింది. అక్కడ మేఘం కాదు, శిక్షణ కోసం తయారు చేసిన దాడి దృశ్యం అసలు కంప్యూటర్ తెరల మీదకు వచ్చేసింది.

ఈ ఆటలో వందకు ఒకసారి, ఎవరూ వదలకుండానే తెర మీద అయిదు గీతలు కనిపించాయనుకోండి. మీరందరూ ఏం చేస్తారు? సుబ్బారావు గారు చిత్తు కాగితం తీస్తారా, ఆగుతారా? అలాంటి ఆట ఎవరైనా చేస్తే మొదటి కాపీ నేను కొంటాను.

సైలో_సుబ్బారావు | శనివారం, మధ్యాహ్నం 2:20

నేను తీస్తాను మాస్టారూ. సిగ్గుగా ఉంది కానీ తీస్తాను. ఈ ఆట మాకు నేర్పింది తెరను నమ్మమనే.

మనుషుల్ని మాత్రం నమ్మొద్దని నేర్పింది. మా బావ కథ చెప్పలేదు కదా మీకు.

మా బావ డాలస్‌లో ఉంటాడు, నేను గుంటూరులో. వాళ్లకు శనివారం పొద్దున మనకు శనివారం రాత్రి, ఇద్దరికీ కుదిరేది ఆ వేళే. ఆయన ఉత్తర అమెరికా, నేను ఆఫ్రికా. కూటమి కట్టాం, ఒకరి రాడార్ ఇంకొకరికి కనిపించేలా పెట్టుకున్నాం. రెండు గంటల ముందే ఫోన్‌లో అనుకున్నాం, ఇద్దరం కలిసి దక్షిణ అమెరికా పని పడదాం, నీ నౌకలు ఇటు, నా నౌకలు అటు అని. ఆయన విమాన వాహక నౌకలు నా పడమటి తీరం పక్కనుంచి పోతుంటే నేనే దారి వదిలాను. ‘ఇంత దగ్గరగా ఎందుకు బావా’ అని అడిగాను కూడా. ‘గాలి బాగుంది రా’ అన్నాడు. ఆటలో గాలి లేదు!

డెఫ్‌కాన్ 1 పడింది. కూటమి జాబితాలో రంగు మారింది. ఆయన బయటకు వెళ్లిపోయాడు. ఆ నౌకల్లోంచి బాంబర్లు లేచాయి. నా సైలోలు ఎక్కడెక్కడున్నాయో అన్నాళ్లూ నాతో కూర్చుని చూసినవాడాయె. సైలో ఒక దెబ్బకు పోదు, మూడు కావాలి. సరిగ్గా మూడేసి పంపాడు. లెక్క తప్పని మనిషి మా బావ.

చివరికి పాయింట్లు ఎవరివి వాళ్లవే కదా, గెలిచాడు. నేను హెడ్‌ఫోన్ తీసేసి వెళ్లి పడుకున్నా. ఆ సంక్రాంతికి వీడియో కాల్‌లో అక్కతో మాట్లాడి, ఆయనకు ఇవ్వబోతుంటే సిగ్నల్ లేదని పెట్టేశాను. మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాదు ఆఫ్రికా గురించి ఎందుకు గొడవ పడ్డామో.

మొలకెత్తిన_మెదడు | శనివారం, మధ్యాహ్నం 2:24

‘గాలి బాగుంది రా’ 😂😂 ఇది నా కొత్త స్టేటస్.

లంచ్‌బాక్స్ | శనివారం, సాయంత్రం 4:05

ఆఫీస్ మోడ్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? నిజమైన వేగంతో ఆరు గంటల దాకా నడుస్తుంది. పక్కన చిన్న కిటికీలో పెట్టుకుని మన పని మనం చేసుకుంటూ ఆడొచ్చు. ఎస్కేప్ రెండుసార్లు నొక్కితే మాయం, బాస్ వస్తే నొక్కాల్సింది అదే.

నేను పాత కంపెనీలో, పేరు వద్దు, నలుగురం కలిసి ఆడేవాళ్లం. ఒకసారి మా మేనేజర్ వెనక నుంచి వచ్చాడు. ఎస్కేప్ రెండుసార్లు నొక్కాను, పోయింది. ఆయన ‘ఏంటది, రష్యాలో మనకు క్లయింట్ ఉన్నాడా?’ అన్నాడు. ‘కొత్త లీడ్ సార్’ అన్నాను. సోమవారం మీటింగ్‌లో ఆ లీడ్ ఎంతవరకు వచ్చిందని అడిగాడు. మళ్లీ మంగళవారం అడిగాడు. మూడు వారాలు ఆ రష్యా క్లయింట్‌ను మోశాను.

ఆ ఆటలో ఇంకో చేదు ఏంటంటే, భోజనానికి వెళ్లి ఇరవై నిమిషాల్లో వచ్చేసరికి నా ఊళ్లు సగం లేవు. తిన్నది సాంబారన్నం, పోయింది జపాన్.

మామూలు ఆటలో ఇంత లాగదు. వేగం పెంచుకోవచ్చు, కాకపోతే ఆడేవాళ్లలో ఎవరు నెమ్మది కోరితే ఆ వేగమే అందరికీ. అందుకే కొత్తవాళ్లను తిట్టుకుంటారు పాతవాళ్లు.

పులిజూదం | శనివారం, సాయంత్రం 6:30

మధ్యాహ్నం ఇంకో రెండు ఆడాను. ఈసారి దక్షిణ అమెరికా. నాలుగు సైలోలు కాపలాకే ఉంచి, ఎవరూ నన్ను పట్టించుకోకుండా మూల కూర్చున్నాను. కంప్యూటర్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ప్రపంచంలో అణ్వస్త్రాలు చాలావరకు అయిపోయి ఆట ముగింపుకు లెక్కపెట్టే చివరి గడియారం మొదలయ్యాక, దాచుకున్న సైలోలన్నీ ఒకేసారి తెరిచాను. దూరపుది ముందు, దగ్గరది తర్వాత, కాగితం మీద రాసుకునే. వాళ్ల దగ్గర కూల్చడానికి ఏమీ మిగల్లేదు. గెలిచాను.

గెలిచాక తెర మీద నాకు మిగిలిన జనం నాలుగు కోట్ల చిల్లర. లేచి నీళ్లు తాగొచ్చాను. సంతోషమో ఏమో తెలియలేదు. కానీ ఇంకోటి మొదలుపెట్టాను.

ఎర్ర బటన్ గారూ, మీ ఎస్కలేషన్ కూడా విష్‌లిస్ట్‌లో పెట్టాను. నాకు ఇంకా నేల పట్టుకోవాలనే ఉంది.

ఎర్ర_బటన్ | శనివారం, సాయంత్రం 6:38

మనవాడు ఒకడు దొరికాడు.

సైలో_సుబ్బారావు | శనివారం, రాత్రి 7:45

సరే, ఇవాళ రాత్రి తొమ్మిదిన్నరకు ఆట. మామూలు పద్ధతి, ఆరుగురం. గోరింటాకు గారి కోసం రెండో ఆట డిప్లొమసీ. సర్వర్ నేను పెడతా, పాస్‌వర్డ్ ఒక్కొక్కరికీ మెసేజ్ చేస్తా.

నేను ఆఫ్రికా. బీచ్‌రోడ్డు ఆసియా అంటాడు, తెలుసు. పాత రాడార్ మాస్టారు రష్యా తీసుకోవాలి, ఇంకెవరికీ నప్పదు. పులిజూదం గారికి దక్షిణ అమెరికా కలిసొచ్చింది, ఉంచుకోండి. ఉత్తర అమెరికా ఎర్ర బటన్ తీసుకుంటాడు. యూరప్ ఎవరు?

లంచ్‌బాక్స్ | శనివారం, రాత్రి 7:52

యూరప్ వద్దు నాకు. పక్కనే రష్యా, కింద ఆఫ్రికా, ఎటు చూసినా దెబ్బలే. నేను చూస్తూ కూర్చుంటా.

మొలకెత్తిన_మెదడు | శనివారం, రాత్రి 7:53

నేను ఇంకా కొనలేదు అన్నా.

గోరింటాకు | శనివారం, రాత్రి 7:58

ఇవ్వండి, నేను తీసుకుంటా. సుబ్బారావు గారూ, కూటమి కడదామా? మీ ఉత్తర తీరానికి నా నౌకలు కాపలా ఉంటాయి.

సైలో_సుబ్బారావు | శనివారం, రాత్రి 8:03

గాలి బాగుందా అమ్మా అటు?

గోరింటాకు | శనివారం, రాత్రి 8:04

చాలా బాగుందండీ.